కాకినాడ రేవుశాఖ – దాని పూర్వచరిత్ర, దానితో మనకు గల పని

సముద్రమును నమ్ముకొని బ్రతుకువారికి రేవు కన్నతల్లి యొడివంటిది. వేకువను వెడలిన నావ తిరిగి రేవు చేరినగాని మన యిండ్లలో పొయ్యి రాజదు. అట్టి రేవును కాచు అధికారులెవరో, వారి విధులెట్టివో ఎరిగినవారు మన సంఘీయులలో స్వల్పముగా నున్నారు. పోర్టాఫీసనగా ఓడలవారియొద్ద పైకము వసూలుచేయు కచేరీ యనియు, వలలవారికి దానితో నిమిత్తము లేదనియు పెక్కురు తలంతురు. ఈ తలంపు వలన మనకు కలిగిన నష్టము కొంచెము కాదు. మహాసభా సంచికకు చరిత్రవ్యాసము నొకదానిని వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరగా, మేము కాకినాడ రేవునే విషయముగా గైకొనుటకు కారణ మిదియే.

రేవును కాచు ఉద్యోగము మన దేశమునకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ యధికరణమునందు నావధ్యక్షుడను అధికారి వర్ణింపబడియున్నాడు. సముద్రమునను, నదీముఖములను సంచరించు నావలనెల్ల విచారించుట యాతని పని. మత్స్యములు పట్టువారు తాము పట్టినదానిలో ఆరవపాలు రాజునకు చెల్లింపవలెనను నియమము నందే కలదు. ఇంతమాత్రమే యైనచో ఆ యధ్యాయము కేవలము పన్నుల పట్టిక యై యుండెడిది. కాని గాలిదెబ్బ తిని వచ్చిన నావను తండ్రి బిడ్డను చేరదీసినట్లు అధికారి చేరదీయవలెననియు, నీట తడిసి చెడిన సరకునకు సుంకమును పూర్తిగానో సగమో విడువవలెననియు అచ్చటనే విధింపబడినది. సుంకమును, సంరక్షణమును ఒకే చేతిలో నుండవలెనని ప్రాచీనుల మతమని దీనివలన తేలుచున్నది.

మన ఆంధ్రదేశమున దీనికి సాక్ష్యము మోటుపల్లి శాసనము. నేటి బాపట్ల జిల్లాలోని యీ గ్రామ మొకప్పుడు గొప్ప రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున నిచ్చట నొక అభయశాసనమును వేయించెను. గాలివానకు కొట్టుకొని వచ్చి తీరమున పగిలిన ఓడలలోని సొమ్మును పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పించి, నియతమైన సుంకముదప్ప వేరొండు తీసికొననని ఓడవర్తకులకు మాట యిచ్చెను. ఆపదలో నున్నవాని సొత్తు దోచుట రాజధర్మము కాదని రాతిపై చెక్కించిన యా చక్రవర్తి కీర్తి మన తీరమున చిరస్థాయి.

ఇక కాకినాడ ప్రాంతమునకు వత్తము. కాకినాడకు పూర్వము ఈ తీరమున పేరుగన్న రేవు కోరంగి. గౌతమీ ముఖమున నున్న యీ పట్టణమున ఓడలు కట్టువారును, ఓడలు నడుపువారును కిక్కిరిసి యుండెడివారు. 1789వ సంవత్సరము డిసెంబరు మాసమున సముద్రము మూడు మహాతరంగములుగా పైబడి యూరిని ముంచెను. 1839 నవంబరులో వచ్చిన యుప్పెన కోరంగిని మరల తలయెత్తనీయలేదు. దీనికితోడు గోదావరి తెచ్చు ఒండ్రుమట్టి మొగను పూడ్చివేయగా ఓడలు కోరంగిని విడిచి కాకినాడకు మరలినవి.

ఇచ్చట నొక చిత్రమైన సంగతి చెప్పవలసియున్నది. నేడు లోకమంతయు వాడు ‘సైక్లోన్’ అను మాట నిర్మించినవాడు కలకత్తాలోని నౌకావిచారణ న్యాయస్థానమున నుండిన హెన్రీ పిడింగ్టను. పూర్వ మోడకప్తానుగా నుండిన యీయన కోరంగి యుప్పెనను గూర్చి పరిశోధించి, తుఫాను గాలి నేరుగా వీచునది కాక పాము చుట్టచుట్టుకొన్నట్లు తిరుగునదని వివరించి, గ్రీకు భాషలో చుట్టను తెలుపు పదమునుండి 1848 ప్రాంతమున ఈ పేరు కల్పించెను. సంస్కృతమున మనము కుండలి యనునట్టి భావమే యిది. కోరంగివాసుల కష్టము లోకమున కొక శాస్త్రము నిచ్చినది.

కాకినాడ వృద్ధికి రెండు కారణములు. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆర్థరు కాటను నిర్మింపజేసిన ఆనకట్టవలన కాలువలేర్పడి, డెల్టాలోని పంట పడవలమీద నేరుగా రేవునకు రాసాగెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి, అచ్చటి ప్రత్తి ఆంగ్లదేశమునకు పోవుట ఆగిపోగా, మన ప్రత్తికి గిరాకి కలిగి కాకినాడ ఓడలతో నిండెను. అయితే ఈ రేవు లోతు తక్కువ. పెద్ద ఓడలు కొన్ని మైళ్ళ దూరమున లంగరు వేసికొని నిలువగా, సరకు పడవలమీద కాలువనుండి ఓడకును, ఓడనుండి కాలువకును చేరుచుండెను. ఎదుట నున్న హోప్ ఐలాండు ఇసుకదిబ్బ తూర్పుకెరటమున కడ్డము నిలిచి యీ అఖాతమునకు ప్రాకారమై యున్నది. నదియే పూడ్చినది, నదియే కాచుచున్నది.

రేవుశాఖవారి విధులు 1908వ సంవత్సరపు ఇండియన్ పోర్టుల చట్టమున క్రోడీకరింపబడినవి. 2025లో పార్లమెంటు నూతన చట్టమును ఆమోదించు పర్యంతము నూటపదునేడు సంవత్సరములు రేవుల కదియే ధర్మశాస్త్రము. దాని ప్రకారము ప్రతి రేవునకును సంరక్షకాధికారి యుండవలసియుండెను. పోర్టాఫీసరున్న చోట నాతడును, ఆతడు లేనిచోట హార్బరు మాస్టరును ఆ సంరక్షకులుగా నుండిరి. ఏ ఓడ యెచ్చట లంగరు వేయవలెనో, ఎప్పుడు కదలవలెనో ఆజ్ఞాపించుట. దారి కడ్డముగ మునిగిన నావలను, దుంగలను తీయించుట. చెత్తయు, బరువుకై వేసిన రాళ్లును రేవులో పారవేయకుండ చూచుట వీరి పని. ఆ నిబంధన వర్తింపజేయబడిన రేవులలో 200 టన్నులకు తగ్గని ఓడ, పైలటుగాని హార్బరు మాస్టరుగాని వారి సహాయుడుగాని పైన లేక లోనికి రాగూడదని, వెలికి పోగూడదని ఆ చట్టము విధించెను. నీటిలోతు కొలిపించుట, దారి తెలుపు బోయాలు నిలుపుట, పూడిక తీయించుట మున్నగునవి నిత్యకృత్యములు. ఒండ్రు పూడుకొను కాకినాడవంటి రేవున ఈ పని యొక్క యేడు సాగకున్నచో ఓడయే కాదు, మన మరపడవయు ఒడ్డు చేరలేదు.

వీని యన్నిటికంటె మన ప్రాణములతో ముడిపడినది తుఫాను సూచికల పని. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును ఘోరమైన తుఫానులు ధ్వంసము చేసినవి. ఒక్క మచిలీపట్టణముననే 30,000 మంది మడిసిరని చెప్పుదురు. ఆ మఱుసటి యేటనే కలకత్తా రేవున సూచికలు ఎత్తుట ఆరంభమైనది. 1886 నాటికి దేశమందలి రేవులన్నిటికిని ఆ యేర్పాటు వ్యాపించి, 1898 మొదలు అన్నిటను ఒకే తీరు గుర్తులు వచ్చినవి. పగలు స్తంభముపై కోపులును, పీపాలవంటి స్తూపములును, రాత్రి ఎఱుపు తెలుపు దీపములును ఎత్తుదురు.

ఈ సూచికలు పదునొకండు. 1, 2 నెంబరులు దూరమున తుఫాను పుట్టుచున్నదని, పుట్టినదని తెలుపును. 3, 4 రేవునకే గాలివాన భయము కలదని చెప్పును. 5, 6, 7 ప్రమాదసూచికలు. 8, 9, 10 మహాప్రమాదసూచికలు. 11 వచ్చినచో తుఫాను కార్యాలయముతో వార్తాసంబంధమే తెగినదని యర్థము. నెంబరు పెరిగినకొలది అపాయము పెరుగునని మాత్రమే మనవా రెరుగుదురు. అంతకంటె ముఖ్యమైన భేద మొకటి కలదు. 5, 8 రేవును తన యెడమవైపున విడిచి పోవు తుఫానునకు గుర్తు. 6, 9 రేవును కుడివైపున విడిచి పోవుదానికి. 7, 10 రేవుమీదుగనో మిక్కిలి సమీపముననో దాటుదానికి. మన తీరమున తుఫాను తూర్పునుండి పడమరకు వచ్చునపుడు కుడివైపన ఉత్తరము. అనగా 6, 9 ఎత్తినపుడు తుఫాను కాకినాడకు దక్షిణమున తీరము దాటును, గాలి సముద్రమునుండి ఒడ్డునకు కొట్టును, ఉప్పెన భయ మధికము. ఈ యొక్క సంగతి ప్రతి పల్లెలోని బాలునకును కంఠస్థము కావలెను.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణముననే తీరము దాటినది. అది చుట్టు చిన్నదై, బలము మిక్కుటమై, శీఘ్రముగా విజృంభించినది. వేయిమందికి పైగా ప్రజలు మరణించిరి. సముద్రముపై నుండిన మత్స్యకారులు పెక్కురు తిరిగి రాలేదు. అప్పుడు మేము తీరగ్రామమొకదానిలో ఉపాధ్యాయులమై యుంటిమి. పాఠశాల తెఱచిన పిదప హాజరుపట్టీ తీసి పేర్లు పిలుచుచుండగా, ఒక పిల్లవాడు పలికి, లేచి నిలిచి, “అయ్యా, మా నాయన పడవ ఇంకా రాలేదండి. మధ్యాహ్నం రేవుకు పోయి చూసి వస్తానండి” అని సెలవడిగెను. వాడు పది దినము లట్లే అడిగెను. పదునొకండవ దినమున అడుగలేదు. సంస్కృతమున నెన్ని కావ్యములు చదివినను అట్టి మౌనమునకు తగిన మాట మాకు దొరకలేదు. సూచికాస్తంభము ఒడ్డున నున్నవారికి కనబడునుగాని, వారముల తరబడి దూరసముద్రమున వేటలో నుండువారికి కనబడదు. ఆ కొఱత ప్రాణములను తీసికొన్నది.

ఆ తరువాత కొంత మేలు జరిగినది. 1974లోనే విశాఖపట్టణమున తుఫాను హెచ్చరికల కేంద్ర మేర్పడియున్నది. 1999లో హైదరాబాదున సముద్రసమాచార కేంద్రము స్థాపింపబడి, కెరటముల స్థితియు, చేపలుండు చోటులును తెలుపుచున్నది. కాకినాడలో 1997లో లోతునీటి రేవు తెఱవబడినది. వార్త చేతిలోని ఫోనుకే వచ్చుచున్నది. అయినను వార్త వచ్చుట వేరు, దానిని మన్నించుట వేరు.

కావున మహాసభవారికి మా విన్నపములు మూడు. మొదటిది, తీరమందలి ప్రతి గ్రామమున సూచికల పటమును రామకోవెలయొద్ద వ్రేలాడదీసి, ఏటేట వర్షాకాలాంతమున దాని యర్థమును పిల్లలచే చెప్పింపవలెను. రెండవది, మన యువకులు చుక్కాని పట్టుటతో తృప్తిపడక పరీక్షలిచ్చి పైలటులును, హార్బరు మాస్టరులును కావలెను. విశాఖలో కేంద్రప్రభుత్వపు మత్స్యనౌకా శిక్షణాలయ శాఖ కలదు. అందు చేరగోరు పేదపిల్లలకు వేతనము లిచ్చుటకంటె పోషకులకు పుణ్యకార్యము వేరు లేదు. మూడవది చెప్పుటకు కొంచెము కఠినముగా నుండును. మరపడవల యజమానులు మన సంఘమునను కలరు, ఈ సంచికకు ద్రవ్యమిచ్చినవారిలోను కలరు. సూచిక ఎత్తిన దినమున, ఇచ్చిన బయానా నెపముగా కలాసీలను వేటకు పంపకుడని వారిని చేతులు జోడించి వేడుచున్నాము. పగిలిన ఓడలోని పరదేశీయుని సొమ్ము ముట్టనని గణపతిదేవుడు శపథము చేసెను. మన పడవలోని మనవాని ప్రాణమును మనము కాపాడలేమా?

రేవును కాచువారు రేవుననే యుందురు. వారి మాట వినువారు మనము కావలెను. ఈ మహాసభ జయప్రదమగుగాక, మన నావలన్నియు క్షేమముగా రేవు చేరుగాక.

ఇతి శమ్.