పాత ప్లగ్గు మొహం చూడండి

విశాఖపట్నం పెదజాలరిపేట ఒడ్డు. జూన్ రెండో వారం. ఏప్రిల్ 15న మొదలైన 61 రోజుల వేట నిషేధం 14తో ముగుస్తుంది. ఫైబరు తెప్పలన్నీ ఇంకా ఇసుకలోనే ఉన్నాయి. తాటాకు పందిరి కింద కర్రల చట్రానికి బిగించిన టూ-స్ట్రోక్ ఇంజిను పక్కన మీరు గొంతుక్కూర్చున్నారు. 9.9 హార్స్‌పవర్, రెండు సిలిండర్లు. తెప్ప యజమాని పొద్దుట్నుంచీ తాడు లాగీ లాగీ అలిసిపోయాడు. బీడీ వెలిగించబోతే మెకానిక్కు కసిరాడు. ఇక్కడ గాలి నిండా పెట్రోలు వాసనే.

ఇంజిను మూత లేచింది. వైరు పట్టుకుని గుంజకుండా క్యాపును పట్టి తిప్పుతూ ఊడదీశాడు మెకానిక్కు. ప్లగ్గు చుట్టూ బ్రష్షుతో ఇసుక దులిపాకే పానా పెట్టాడు. ఇక్కడి ఇసుక ఒక్క రేణువు సిలిండర్లోకి జారినా గీత పడుతుంది. ముందు పై ప్లగ్గు, తర్వాత కింది ప్లగ్గు బయటికొచ్చాయి. రెండింటినీ మీ అరచేతిలో పెట్టాడు.

పైదాని పింగాణీ ముక్కు లేత గోధుమరంగులో పొడిగా ఉంది. అంటే లోపల మంట సరిగ్గా మండుతోంది. కిందిది తడితడిగా, మసి పట్టి నల్లగా ఉంది. ముక్కు తెల్లగా పాలిపోయి బుడిపెలు లేచి ఉంటే మితిమీరిన వేడి అనుకోవాలి. దానిమీద వెండి చుక్కలు మెరిస్తే పిస్టను కరగడం మొదలైనట్టే, ఇంజిను అక్కడితో ఆపెయ్యాలి.

"రెండూ మార్సీ మావా. కాస్త వేడి ప్లగ్గులెట్టీ, మసట్టదు" అన్నాడు యజమాని.

"రెండూ ఒక్క కార్బరేటరు పెట్రోలే తాగుతున్నాయి కదేటి అల్లుడూ? ఒకదానికే మసెక్కిందంటే తప్పు నంబరుది కాదు."

అంటూనే కింది క్యాపు తిప్పి చూపించాడు. లోపలి ఇత్తడికి ఉప్పుగాలి తగిలి పచ్చటి చిలుము పట్టింది. వైరు కొస కాస్త కోసి, చిలుము గీకి, క్యాపు మళ్ళీ బిగించాడు. సిలిండర్ల రంధ్రాలకు గుడ్డ కుక్కి, ప్లగ్గును ఇంజిను లోహానికి ఆనించి తాడు లాగాడు. నీలం రవ్వ టక్కున దూకింది. నిప్పు అందక ఆ సిలిండర్లో పెట్రోలు మండకుండా నిలిచిపోయేదన్నమాట. వేడి ప్లగ్గు వేసి ఉంటే జబ్బు అలాగే ఉండేది, పైగా బాగున్న సిలిండరుకు ముప్పొచ్చేది.

ఈలోగా కొట్టుకు వెళ్ళిన కుర్రాడు మూడు రకాల ఎన్‌జీకే ప్లగ్గులు తెచ్చాడు. "మర ఒకటేనంట, ఏదైనా సరిపోద్దంట" అన్నాడు. మెకానిక్కు నవ్వలేదు. ఇంజిను పుస్తకంలో ఉన్నది బీ7హెచ్‌ఎస్-10. బీ అంటే 14 మిల్లీమీటర్ల మర. హెచ్ అంటే మర పొడవు 12.7 మిల్లీమీటర్లు. కుర్రాడు తెచ్చినవాటిలో ఒకటి బీ7ఈఎస్. అందులోని 'ఈ' అక్షరం వల్ల మర పొడవు 19 మిల్లీమీటర్లయింది. చేత్తో హాయిగా దిగుతుంది, తాడు లాగగానే పిస్టను పైకొచ్చి గుద్దుకోవచ్చు.

రెండోది బీ6హెచ్‌ఎస్, యజమాని అడిగిన వేడి ప్లగ్గు. వేడి ప్లగ్గంటే నిప్పురవ్వ పెద్దదని చాలామంది అనుకుంటారు. రవ్వకూ దీనికీ సంబంధం లేదు. పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి నెమ్మదిగా బయటికి పోతుంది, అదే వేడి ప్లగ్గు. పొట్టిగా ఉంటే త్వరగా పోతుంది, అది చల్లన ప్లగ్గు. ముక్కు సుమారు 450 డిగ్రీలు దాటితేనే మసి దానంతటది కాలిపోతుంది. 800 దాటి ఇంకా పెరిగితే ఎర్రగా కాగి, రవ్వ పడకముందే పెట్రోలును అంటిస్తుంది. బైకుకైతే దిగుడు రోడ్డులో కాస్త ఊపిరి తీసుకునే వీలుంది. తెప్ప ఇంజినుకు అది లేదు, నీటిని నెడుతూనే ఉండాలి. వల లాగేటప్పుడేమో చాలాసేపు నెమ్మదిగా తిరగాలి. ఈ రెండు బతుకులకూ సర్దుబాటుగా కంపెనీ నిర్ణయించిన అంకె 7. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన. ఛాంపియన్, బాష్ ప్లగ్గుల్లో అంకె పెరిగితే వేడి. బ్రాండు మార్చేటప్పుడు బోల్తా పడేది ఇక్కడే.

మూడోది బీఆర్7హెచ్‌ఎస్-10. ఆ ఆర్ అంటే లోపల రెసిస్టరు ఉన్నట్టు, వైర్‌లెస్ సెట్టులో గరగర తగ్గుతుంది. ఆ ఇంజిను పుస్తకం దీన్నీ ఒప్పుకుంది, తెప్పలో సెట్టూ ఉంది. మెకానిక్కు ఇదే తీసుకున్నాడు. నా ఓటూ దానికే.

చివరి 10 అంటే ఒక మిల్లీమీటరు గ్యాపు. కొత్తదే అయినా ఫీలర్ గేజ్ పెట్టి చూశాడు. పెట్టె ఎక్కడైనా కిందపడి ఉంటే కొస వంగిపోతుంది. మొదట వేళ్ళతోనే చివరిదాకా బిగించాడు. వాషరు ఆనాక పానాతో అరచుట్టు, మహా అయితే ఇంకాస్త. బలం చూపిస్తే అల్యూమినియం మర చిరుగుతుంది, ఆ ఖర్చు ముందు ప్లగ్గు ధర ఓ లెక్క కాదు.

ఇంజిను కాలును నీళ్ళ డ్రమ్ములో దించి తాడు లాగాడు. రెండో లాగుకే అందుకుంది. పక్కనుంచి ఇంజినును చల్లబరిచే నీళ్ళు సన్నటి ధారగా చిమ్ముతున్నాయి. యజమాని డబ్బాలో పెట్రోలు పోసి ఆయిలు అందాజుగా ఒంపబోతే మెకానిక్కు చెయ్యి పట్టుకున్నాడు. ఈ ఇంజినుకు 50కి 1 పాలు, అంటే పది లీటర్లకు 200 మిల్లీలీటర్లు. ఎక్కువ పోస్తే ఇంజినుకు బలమన్నది ఒడ్డున బాగా పాతుకుపోయిన నమ్మకం. కొత్త ప్లగ్గులు తొందరగా నల్లబడేది అందువల్లే.

మీ ఇంజిను పుస్తకంలోని ప్లగ్గు నంబరును మూత లోపల పెయింటుతో రాసుకోండి. అదే నంబరు ప్లగ్గులు రెండు, వాటికి సరిపడే పానా ఒకటి తడి తగలని డబ్బాలో వేసి తెప్పలోనే ఉంచండి.