అబ్బా దస్తఖత్

మా ఇండ్లలో పిల్లల చదువు రెండుసార్లు మొదలవుతుంది. నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు బిస్మిల్లా చేస్తారు. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, పెద్దలు మొదటి మాట పలికిస్తారు. హిందువుల ఇండ్లలో అక్షరాభ్యాసం లాంటిదే. రెండో ఆరంభం జూన్‌లో, బడి గేటు దగ్గర. మొదటిదానికి చుట్టాలంతా వస్తారు. రెండోదానికి అబ్బా ఒక్కడే వస్తాడు, ఫీజు డబ్బులు మళ్లీ మళ్లీ లెక్క పెట్టుకుంటూ.

నా రెండో ఆరంభం 1973 జూన్‌లో, హైదరాబాద్‌లో సిస్టర్లు నడిపే ఒక కాన్వెంట్ ప్రైమరీ స్కూల్లో జరిగింది. అబ్బాది పుస్తకాల బైండింగు పని. బడులు తెరిచే నెలలోనే నాలుగు పైసలు కనబడేవి. ఊరి పిల్లల పుస్తకాలన్నీ కుట్టి, చివర్న నా పుస్తకాలు పట్టుకునేవాడు. ఖాకీ అట్ట వేసి, లేబుల్ అంటించి, ఆగిపోయేవాడు. పేరు నేనే రాసుకోవాలి. నిజాం జమానాలో ఆరో జమాత్ దాకా చదివిన మనిషి, ముత్యాల్లాంటి ఉర్దూ దస్తూరి ఉన్న మనిషి, కొడుకు పుస్తకం మీద కొడుకు పేరు ఎందుకు రాయలేకపోయాడు?

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. దీనికి చరిత్ర ఉంది.

ముస్లిం రాజు ఏలుబడిలో ఇతర మతాలకు చోటే లేదని మాట్లాడేవాళ్లు ఒకసారి గన్‌ఫౌండ్రీ దాకా వెళ్లి చూడాలి. ఆల్ సెయింట్స్ స్కూలు 1855లో పుట్టింది. సికింద్రాబాద్‌లో సెయింట్ ఆన్స్ 1871లో వచ్చింది. గన్‌ఫౌండ్రీలోనే రోజరీ కాన్వెంట్ 1904లో మొదలైంది. ఐర్లండ్ ఫాదర్లు, ఇటలీ ఫాదర్లు, సిస్టర్లు నిజాం రాజ్యంలోనే వీటికి పునాదులు వేశారు. కంటోన్మెంటు సిపాయిల పిల్లలు, ఆంగ్లో ఇండియన్ల పిల్లలు, ఆ తర్వాత ఉన్నవాళ్ల పిల్లలు వాటిలో చదివారు.

మామూలు ముస్లిం ఇంటికి అప్పుడు వాటితో పనిలేదు. 1880ల నుంచి కచేరీల్లో ఫారసీ పోయి ఉర్దూ వచ్చింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీలో వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. ఈ దేశపు భాషలో పెద్ద చదువులు చెప్పొచ్చని చూపించినందుకు మేం గర్వపడతాం. కానీ గర్వంతో పాటు ఒప్పుకోవాల్సిన నిజం కూడా ఒకటుంది. ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడం. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అనే గోస అప్పుడు తెలుగు పిల్లలది. తన పేరు కచేరీ కాగితం మీద ఎట్లా రాశారో చదువుకోలేని తెలుగు రైతు గోస అది. ఆ తర్వాత మా వంతు వచ్చింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. తాలూకా కచేరీలో నకళ్లు రాసే మా దాదా నౌకరీ పోయింది. పన్నెండేళ్ల అబ్బా బడి మానేసి బైండింగు దుకాణంలో చేరాడు. ఉస్మానియా ఇంగ్లిషుకు మారింది. కచేరీల భాష మారింది. మా అబ్బా ఒక్క అక్షరం కూడా మరిచిపోకుండానే చదువురాని వాడైపోయాడు. తన కొడుక్కి ఆ గతి పట్టొద్దనే నన్ను కాన్వెంటు గేటు దాకా నడిపించాడు. మతం మార్చుకోవడానికి కాదు, ఇంగ్లిషు కోసం. మా మొహల్లా నుంచి ఆ గేటు దాటిన పిల్లలందరి కథా ఇదే.

మొదటి వారంలోనే డైరీ ఇచ్చారు. తల్లిదండ్రి సంతకం చేసి పంపాలి. అబ్బా కలం తీసి, కుడి నుంచి ఎడమకు, తీగ పాకినట్టు దస్తఖత్ చేశాడు. మర్నాడు మిస్ ఆ పేజీ మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, ఇంగ్లిషులో సంతకం కావాలని రాసి పంపింది. "ఇసమే క్యా లిఖే?" అని అడిగాడు అబ్బా. ఏం రాసిండ్రో చెప్పాను. ఏం మాట్లాడలేదు. ఆ రాత్రి కోత కాగితాల మీద తన పేరు ఇంగ్లిషులో రాయడం నా దగ్గర నేర్చుకున్నాడు. ఆరేళ్ల నేను ఆయన చెయ్యి పట్టి దిద్దించాను. ఇది ఎవరి బిస్మిల్లా?

మిస్ చెడ్డది కాదు. ఆమెకు అది రూలు, అంతే. బాధ కూడా అక్కడే ఉంది.

కాన్వెంటు గురించి మావాళ్లలో కొందరికి భయం ఉండేది. పిల్లలు కిరస్తానీలైపోతారన్నారు. గేటు లోపల మేరీమాత బొమ్మ ఉందని చెప్తే నానీమా నవ్వింది. "ఆమె మర్యం బీబీ బేటా, ఈసా నబీ తల్లి. ఖురాన్‌ల ఒక సూరాకు ఆమె పేరే ఉన్నది. బొమ్మకు మొక్కకు. పేరు మాత్రం అదబ్‌తోని పలుకు" అన్నది. రాజ్యాంగం 28వ అధికరణంలో ఒక మాట ఉంది. ప్రభుత్వ గుర్తింపో, సాయమో ఉన్న బడిలో పిల్లవాణ్ణి మతబోధకు కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మా బడిలో ఆ పీరియడు గంట కొట్టగానే కేథలిక్ పిల్లలు క్యాటకిజంకు వెళ్లేవాళ్లు. మిగిలినవాళ్లం మోరల్ సైన్సు చదివేవాళ్లం. రిజిస్టరులో మా పేరు నాన్ కేథలిక్. వీధిలో తురకోడినైన నేను ఆ నలభై నిమిషాలు రెడ్డిగారి అబ్బాయితో, మార్వాడీ అమ్మాయితో ఒకే ఖానాలో కూర్చున్నాను. నన్ను 'మిగిలినవాళ్ల'లో కలిపిన చోటు అదొక్కటే. ఆ విడుపు నాకు మరే బడిలోనూ, ఆఫీసులోనూ దొరకలేదు.

మరి ఆ కేథలిక్ పిల్లలు అందరూ మాతోనే ఉన్నారా? లేరు. మా బడి వెనక గోడ అవతల అదే సిస్టర్లు నడిపే తెలుగు మీడియం బడి ఉండేది. బస్తీలోని దళిత క్రైస్తవుల పిల్లలు అందులో చదివేవాళ్లు. మతం ఒకటే, గుడి ఒకటే, బడులు రెండు. మైనారిటీ అంటే అందరూ ఒకటి కాదని నాకు ఆ గోడ నేర్పింది. మాలోనూ ఆ గోడ ఉంది. నాతోపాటు బిస్మిల్లా చేసుకున్న దూదేకుల పిల్లగాడు జూన్‌లో ఏ గేటూ దాటలేదు. వెల్డింగు షాపులో చేరాడు. ముస్లిం పిల్లలంతా మదర్సాల్లోనే ఉంటారని లోకం అనుకుంటుంది. 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే మదర్సాల్లో ఉన్నది 4 శాతమే. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లలో 25 శాతం బడి ముఖం చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. అడగాల్సిన ప్రశ్న ఆ 25 శాతం గురించి.

కాన్వెంటుకు నేను రుణపడి ఉన్నాను. ఇంగ్లిషు అక్కడే వచ్చింది. ఉర్దూ లేదు కాబట్టి రెండో భాషగా తెలుగు తీసుకున్నాను. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు ఆ బడి పెట్టిన భిక్షే. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి ఉండాలని 1956లో రాజ్యాంగంలో 350ఎ చేర్చారు. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. చట్టాలకు కొదవ లేదు. కొత్త ఏడాది తెరిచిన ప్రతి బడీ ఒక్క పని చేస్తే చాలు. తల్లిదండ్రి ఏ భాషలో సంతకం చేసినా ఎర్ర గీత కొట్టకుండా ఉండాలి.

అబ్బా ఇప్పుడు లేడు. బైండు చేసిన నా పాత డైరీ ఉంది. మొదటి పేజీలో కొట్టేసిన దస్తఖత్, దాని కింద వంకర్లు పోయిన ఇంగ్లిషు సంతకం. మొదటిది నేను చదవలేను. ఉర్దూ లిపి నాకు రాదు. ఆయన బతికి ఉన్నా ఈ వ్యాసం చదవలేకపోయేవాడు.