నల్లగొర్రె ఉన్ని, చేతి వడుకు

దక్కనీ జాతి నల్లగొర్రెలను పెంచి, వాటి ఉన్నిని చేత్తో వడికి, గొంగడి నేయడం తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా సాగిన వృత్తి. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ ప్రాంతంతో సహా రాష్ట్రమంతటా జీవాల పెంపకం గొల్ల, కురుమలది. ఉన్ని వడకడం, గొంగడి నేయడం ముఖ్యంగా కురుమల పని. మగవాళ్లు మంద మేపేవారు, ఇంట్లో ఆడవాళ్లు ఉన్ని వడికేవారు, మగ్గం పని తెలిసినవారు నేసేవారు. మందలో నల్లగొర్రె ఉన్నంతకాలం ఇంట్లో రాట్నం తిరిగింది. ఆ గొర్రె తగ్గిపోయాక రాట్నానికి పని లేకుండా పోయింది.

గొర్రె జాతి

దక్కనీ గొర్రె మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణల మెట్ట ప్రాంతాలది. ఒళ్లు నల్లగా గానీ, నలుపులో తెల్ల మచ్చలతో గానీ ఉంటుంది. ముక్కు దూలం వంపు తిరిగి, చెవులు వాలి ఉంటాయి. పొట్టేళ్లకు కొమ్ములుంటాయి, ఆడగొర్రెలకు సాధారణంగా ఉండవు. పొట్ట కింద, కాళ్ల మీద ఉన్ని తక్కువ. ఎండకు తట్టుకుంటుంది, మోళ్లు, ముళ్లకంప మేసి బతుకుతుంది, రోజంతా నడవగలదు. దీని ఉన్ని ముతక. ఒంటికి తగిలే మెత్తని బట్టకు పనికిరాదు గానీ వానకు, చలికి కప్పుకొనే గొంగడికి ఆ ముతకదనమే బలం. ఒక గొర్రె నుంచి ఒక కోతకు సుమారు అర కిలో ఉన్ని మాత్రమే వస్తుంది. అందుకే ఒక్క గొంగడి నేయాలన్నా ఎన్నో గొర్రెల ఉన్ని కలపాలి.

తొలి చరిత్ర

దక్కన్‌లో పశుపాలన నవీన శిలాయుగం నాటిది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ ఆనాటి పశువుల దొడ్డి అని తేలింది. పేడ పోగుపడి, పదే పదే కాలి, ఆ దిబ్బ ఏర్పడింది. మందతో కలిసి బతకడం ఈ నేలకు నాలుగు వేల ఏళ్లకు పైబడిన అలవాటని దీనివల్ల తెలుస్తుంది.

మొదట్లో దారం వడకడానికి కదురు ఒక్కటే సాధనం. చక్రంతో తిరిగే రాట్నం తరవాత వచ్చింది. భారతదేశంలో రాట్నానికి దొరికిన తొలి లిఖిత ప్రస్తావనల్లో ఒకటి దక్కన్‌లోనే రాసిన గ్రంథంలో ఉంది. బహమనీ ఆస్థానంలో కవి ఇసామీ 1350 ప్రాంతంలో పూర్తిచేసిన ‘ఫుతూహుస్ సలాతీన్’ అనే పారశీక కావ్యం అది. రాట్నం వచ్చాక కూడా కదురు పోలేదు. దాన్ని చేతిలో పట్టుకొని మంద వెంట నడుస్తూనే వడకవచ్చు. రాట్నానికి ఒకచోట కూర్చోవాలి. కాపరి బతుకులో రెండిటికీ చోటు దొరికింది.

ఉన్ని నుంచి దారం

ఉన్ని ఏడాదికి రెండుసార్లు కోస్తారు. ముందు గొర్రెలను చెరువులోనో వాగులోనో కడిగి ఆరనిస్తారు. తరవాత గొర్రెను పక్కకు పడుకోబెట్టి, కాళ్లు కదలకుండా పట్టి, పెద్ద కత్తెరతో చర్మం తెగకుండా ఉన్ని తీస్తారు. మొదటిసారి కోసిన పిల్ల ఉన్ని అన్నిటికన్నా మెత్తన. నలుపు, తెలుపు వేరుచేసి, పల్లేరు కాయలు, ఎండుగడ్డి ఏరివేస్తారు. తరవాత వింటి నారితో కొట్టి ఏకుతారు. నారి అదిరిన ప్రతిసారీ ఉండకట్టిన ఉన్ని విడిపోయి, దుమ్ము రాలి, పొంగుతుంది. అలా పొంగిన ఉన్నిని చేత్తో చుట్టి ఏకులు చేస్తారు.

వడకడంలో నేర్పంతా రెండు చేతుల పొందికలో ఉంది. కుడిచేయి రాట్నం తిప్పుతుంటే ఎడమచేయి ఏకును కదురు నుంచి వెనక్కి లాగుతుంది. పురి ఎక్కేలోపు ఎక్కువ లాగితే దారం తెగుతుంది, తక్కువ లాగితే ముద్దగా వస్తుంది. పురి చాలకపోతే మగ్గం మీద విడిపోతుంది, మించితే మెలికలు పడుతుంది. సరిపడా పురి ఎక్కిందని వేళ్లకే తెలియాలి. ఈ విద్యకు బడి లేదు. ఆడపిల్లలు అమ్మ పక్కన కూర్చొని మొదట చెత్త ఏరేవారు, తరవాత దారం ఉండలు చుట్టేవారు, ఆ పైన రాట్నం పట్టేవారు. పేకకు, అంటే అడ్డపోగుకు, కొంచెం ఎగుడుదిగుడు దారమైనా నడుస్తుంది. నిలువుగా సాగే పడుగు దారం మగ్గం మీద బిగి తట్టుకోవాలి గనుక దానికి చేయి తిరిగి ఉండాలి.

పడుగు సాగదీసి, చింతగింజల పిండి ఉడికించి చేసిన గంజి పట్టిస్తారు. ముతక ఉన్ని పోగులు ఆ గంజితో అణిగి, రాపిడికి ఆగుతాయి. తరవాత మగ్గం మీద బిగువుగా నేస్తారు. రంగు అద్దే పని లేదు, గొర్రె రంగే గొంగడి రంగు. తెల్ల ఉన్నితో అంచు చారలు తీస్తారు. తడిసినప్పుడు ఉన్ని పోగులు ఉబ్బి నేత మరింత బిగుస్తుంది. అందుకే గొంగడిని తల మీదుగా మడిచి కప్పుకున్న కాపరి వానలోనూ మంద వదలకుండా నిలబడగలిగేవాడు.

ఆర్మూర్‌లో మంద, పసుపు

ఆర్మూర్ ప్రాంతానికి పేరు తెచ్చిన పసుపు తొలకరికి నాటి, సంక్రాంతి దాటాక తవ్వే పంట. నేలలో చాలాకాలం ఉంటుంది, ఎరువు బాగా కోరుతుంది. వేసవిలో ఖాళీగా ఉన్న చేలల్లో గొర్రెల మంద పెట్టించడం తెలంగాణ రైతులకు పాత అలవాటు. రాత్రంతా మంద చేలో పడుకుంటే పెంట, మూత్రం నేరుగా నేలకు చేరతాయి. అందుకు రైతు కాపరికి గింజలో, డబ్బో ఇస్తాడు. గొర్రె ఒకవైపు చేనుకు ఎరువు, మరోవైపు ఇంటికి ఉన్ని ఇచ్చేది. గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాలువ నీటితో సాగు పెరిగి మేత బీళ్లు తగ్గాయి. వేసవిలో జలాశయం వెనక్కి తగ్గి బయటపడే ముంపు నేలలు మాత్రం మందలకు కొత్త మేతగా మారాయి.

ఆచారాలు, సంస్కృతి

కురుమల్లో హత్తి కంకణం, ఉన్ని కంకణం అనే శాఖలున్నాయి. పెళ్లిలో పత్తి దారంతో కంకణం కట్టేవారు మొదటివారు, ఉన్ని దారంతో కట్టేవారు రెండోవారు. దక్షిణ భారత కులాలపై 1909లో వెలువడిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథంలోనూ ఈ విభజన నమోదైంది. బీరప్ప, మల్లన్న దేవుళ్ల కథలు చెప్పే ఒగ్గు కళాకారులకు గొంగడి వేషంలో భాగం. చుక్క సత్తయ్య వంటివారు ఆ కళను దేశమంతటికీ చూపించారు. తెలంగాణ సాయుధ పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో తూటాకు బలైన దొడ్డి కొమరయ్య కురుమ బిడ్డ. ప్రజాగాయకుడు గద్దర్ భుజాన గొంగడి వేసుకొని వేదికెక్కితే పల్లె శ్రమ గుర్తుకొచ్చేది. పని ముందుకు సాగకపోతే ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అనడం తెలుగువారందరి నోటా ఉంది.

క్షీణత

గొంగడికి మొదటి దెబ్బ బజారు నుంచి తగిలింది. పానిపట్ మిల్లుల్లో పాత ఉన్ని బట్టల దారంతో తయారయ్యే చవక దుప్పట్లు, ప్లాస్టిక్ పట్టాలు, రెయిన్‌కోట్లు పల్లెలకు చేరాయి. రెండో దెబ్బ మందలోనే పడింది. మాంసానికి గిరాకీ పెరగడంతో ఒడ్డూ పొడుగూ ఉండి త్వరగా బరువు పెరిగే నెల్లూరు జాతి పొట్టేళ్లను మందల్లో కలిపారు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. సంకరంలో తరం మారేకొద్దీ ఉన్ని పలచబడింది.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం ప్రారంభించింది. జీవాలను ఎక్కువగా పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. 2012లో సుమారు 1.28 కోట్లున్న రాష్ట్ర గొర్రెల సంఖ్య 2019 పశుగణనలో 1.91 కోట్లకు చేరి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. మందలు పెరిగాయి గానీ ఆ పెరుగుదల మాంసం కోసం, ఉన్ని కోసం కాదు. నల్లగొర్రెలు మిగిలిన చోట కూడా ఉన్నికి వచ్చే ధర కోత కూలికి సరిపోక, కోసిన ఉన్నిని పారబోసే పరిస్థితి వచ్చింది.

నిలబెట్టే ప్రయత్నాలు

ఉమ్మడి మెదక్ జిల్లాలో ‘ఆంత్ర’ సంస్థ కాపరులతో కలిసి దక్కనీ జాతి పరిరక్షణకు పనిచేసింది. హైదరాబాద్‌కు చెందిన ‘ఎర్తెన్ ట్యూన్స్’ గొంగడి బట్టతో రైతులకు బూట్లు తయారుచేసి, ముతక ఉన్నికి కొత్త వాడకం చూపింది. ఇలాంటివి కొనుగోలుదారులను తెస్తాయి గానీ దారం మాత్రం వడికే చేతుల నుంచే రావాలి. ఆ చేతులు ఇప్పుడు ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లవి.

మగ్గం ఒక్కదాన్నే కాపాడితే గొంగడి నిలవదు. ఉన్నికి గిట్టుబాటు ధర, దక్కనీ పొట్టేళ్ల విత్తన మందలు, వడుకు నేర్పే పెద్దలకు కూలి కట్టి పిల్లలను పక్కన కూర్చోబెట్టే ఏర్పాటు ఒకేసారి జరగాలి. పసుపు రైతుకు మంద ఎరువు కావలసిన ఆర్మూర్ వంటి చోట నల్లగొర్రెకు ఇంకా పని ఉంది. దాని ఉన్నికీ విలువ కడితేనే కాపరి దాన్ని మందలో ఉంచుకుంటాడు, వడుకు తరవాతి తరానికి అందుతుంది.