జొన్నపిండి, బేకరీ చేతులు

చెప్పులు అరుగు కింద విడిచి, తల వంచుకొని లోపలికి రండి. ద్వారబంధం పొట్టిది. పత్తికొండ ఊరి చివర పాత మట్టిమిద్దె ఇది. నడవ దాటితే పెరడు, పెరట్లో వేపచెట్టు, చెట్టుకు ఈవల పొయ్యి. ఇవాళ కొత్త అమావాస్య, రేపు ఉగాది. మిరపకోతలకని సంక్రాంతి దాటగానే గుంటూరు దిక్కు పోయిన చిన్నాయన, చిన్నమ్మ ఈ మధ్యాహ్నమే దిగారు. పండగ కాగానే మళ్ళీ బయల్దేరాలి, అక్కడ ఇంకా కోత మిగిలే ఉంది. బెంగుళూరులో బేకరీలో పనిచేసే మనవడు తెల్లవారుజామున వచ్చి, ఒక నిద్ర తీసి లేచాడు.

మీకొక పీట వేస్తారు. ఊరికే కూర్చోనిస్తారనుకోకండి. వేయించిన బుడ్డలు, అంటే వేరుశనగ గింజలు, చేటలో పోసి, పొట్టు నలిచి చెరగమని ఇస్తారు. వేడిగా ఉన్నాయి, చూసుకొని నలపండి.

పొయ్యిలో పత్తికట్టె మండుతోంది. చుట్టుపక్కల నల్లరేగడి చేలలో పత్తి ఏరడం అయిపోయాక పీకిన కట్టెను మోపులు కట్టి మిద్దె పక్కన పేర్చుకొంటారు. అది భగ్గున అంటుకొంటుంది, అంత తొందరగానూ ఆరిపోతుంది. కాబట్టి పొయ్యి ముందు ఒక మనిషి కదలకుండా ఉండాలి. ఆ పని మనవడి నాయనది. ఎసరు కాగేదాకా పత్తికట్టె, రొట్టె కాల్చేటప్పుడు నిప్పు నిలవాలని కందికట్టె. ఆయన మాట్లాడేది తక్కువ, మంట మాత్రం చెప్పినట్టు వింటుంది.

పిండి పొద్దున ఆడించిందే. ఈ యాసంగి పంట కొత్త జొన్నలు, తెల్లవి. వాన ఆగిపోయాక రేగడిలో మిగిలిన తేమతోనే పండే పైరు ఇది. పిండి నిలవైతే అతుకు పోతుంది, తట్టేటప్పుడు అంచులు చీలిపోతాయి. అందుకే జేజి, అంటే నాయనమ్మ, వారానికి సరిపడానే మరకు పంపుతుంది.

"నేను కలుపుతా జేజీ. రోజూ మూటలు మూటలు పిండి కలిపే చెయ్యిది" అంటూ మనవడు చొక్కా చేతులు మడిచాడు.

జేజి అడ్డం చెప్పలేదు. పళ్ళెం అతని వైపు జరిపి, వక్క నములుతూ కూర్చుంది. అమ్మ నవ్వు దాచుకోవడానికి టమాటాల దిక్కు తిరిగింది.

అతను గోరువెచ్చని నీళ్ళు పోశాడు, మైదాకు పోసినట్టు. అరచేతి మడమతో ముందుకు తోశాడు, మడిచాడు, తిప్పాడు. చేతులు చకచకా ఆడుతున్నాయి, చూడముచ్చటగానే ఉంది. అయితే ముద్ద ఎంతకూ సాగదు. లాగితే తెగుతుంది. తట్టబోతే మధ్యలో పలచబడి, అంచుల్లో నాలుగు దిక్కులా పగిలింది. పెనం దాకా ఎత్తేలోపు రెండు ముక్కలు.

"బెంగుళూర్ల రొట్టెలు ఇట్లనే అమ్ముతారా నాయనా, ముక్కల లెక్కన?" అని జేజి అడిగింది. పెరడంతా గొల్లుమంది.

తప్పు చేతిది కాదు. గోధుమలో గ్లూటెన్ ఉంటుంది. నీళ్ళు తగిలి, పిసికిన కొద్దీ అది వలలా అల్లుకొని ముద్దను సాగనిస్తుంది, ఈస్టు వదిలే గాలిని పట్టి ఉంచుతుంది. బేకరీ పనంతా దాని చుట్టూనే. జొన్నలో గ్లూటెన్ లేదు. దాన్ని అతికించగలిగేది దాని పిండిపదార్థమే, అదీ సుమారు 70 డిగ్రీలు దాటిన వేడి తగిలితేనే నీళ్ళు పీల్చుకొని, ఉబ్బి, జిగట పడుతుంది. జేజికి డిగ్రీలతో పనిలేదు. ఎసట్లో నీళ్ళు తెర్లుతున్న చప్పుడు విని, "ఇంగ దించు" అంటుంది.

ఇప్పుడు చూడండి. పిండి మధ్యలో గుంత చేసి మరిగే నీళ్ళు పోసింది. తెడ్డు వెనక్కి తిప్పి కలిపింది. ఆవిరి మొహానికి కొడుతోంది, పచ్చి జొన్న వాసన పోయి ఉడికిన వాసన వచ్చింది. చేతిని చన్నీళ్ళలో ముంచి, ఆ వేడి ముద్దలోకే దింపింది. మనకైతే వేలు పెట్టడానికి ధైర్యం చాలదు. రోంత రోంతగా నీళ్ళు చిలకరిస్తూ, పళ్ళేనికి అదిమి అదిమి పిసుకుతుంది. ముద్ద నున్నబడింది.

పీట మీద పొడిపిండి చల్లి, ఉండను పెట్టి తట్టడం మొదలైంది. టప్ టప్‌మని పడే ప్రతి దెబ్బకూ రొట్టె దానంతట అది కొంచెం కొంచెం తిరుగుతోంది. ఎడమ చెయ్యి అంచును కాపు కాస్తుంది, కుడి చెయ్యి పరుస్తుంది. పళ్ళెమంత అయ్యాక రెండు చేతుల మీదికి తీసుకొని, పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేటట్టు పెనం మీద వేసింది. తడిబట్టతో పైన ఒక్కసారి తుడిచింది. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేయాలి. ఆలస్యమైతే పైన పగుళ్ళు, తొందరపడితే పచ్చి. రెండో వైపు కాలాక, నాయన ముందుకు లాగిన కందికట్టె నిప్పుల మీదికి చేరింది రొట్టె. ఒక మూల బుడగ లేచింది. అది పాకి, పాకి, రొట్టంతా పొంగింది.

"ఈస్టు లేకుండానే పొంగె సూడు" అని చిన్నాయన మనవడి వీపు మీద చరిచాడు.

మొదటి రొట్టె మీకే, అతిథి గదా. కాదనకండి, ఇక్కడ కాదంటే ఇంకో రెండు పడతాయి. పైపొర చించి లోపలికి నెయ్యి జారవిడవండి. అమ్మ నిప్పుల్లో కాల్చిన టమాటాలను, పచ్చిమిరపకాయలను, మీరు చెరిగిన బుడ్డలను రోట్లో కచ్చాపచ్చాగా నూరింది. పత్తికొండ మార్కెట్టు టమాటాకు పేరుమోసింది. ధర ఉన్ననాడు లారీలు బారులు తీరతాయి. లేనినాడు కోతకూలి కూడా గిట్టక రైతులు రోడ్డు మీదే పారబోసి పోతారు. టమాటా ప్రాసెసింగ్ పరిశ్రమ కావాలని ఈ ప్రాంతం ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చింది. ఆ సంగతి తెలిసి తింటే ఈ పచ్చడి పులుపు ఇంకోలా ఉంటుంది.

చిన్నమ్మ మూడో రొట్టె అడిగింది. గుంటూరు దిక్కు గుడారాల్లో రెండు నెలలుగా బియ్యం బువ్వే. పొద్దున వండి మూట కట్టుకొని చేలోకి పోవడం. "పొయ్యి కాడ కూచుని పని చేసేంత యాళ యాడిది?" అంటుంది.

బియ్యం ఈ ఇంటికి రోజువారీ తిండి అయింది కూడా ఎప్పుడో కాదు. జేజి కాపురానికి వచ్చిన కొత్తలో వరిబువ్వ పండగకో, జ్వరం తగ్గినవాళ్ళకో. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చాక కంచం మారిపోయింది. దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కరువు సీమలో ఆ బియ్యం ఎన్ని పొయ్యిలు వెలిగించిందో పెద్దలు చెబుతారు. కాకపోతే రొట్టె తట్టే చేతులు ఒక తరంలో సగమయ్యాయి. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేసరికి, ఇదే జొన్న అట్టపెట్టెలకెక్కి నగరాల్లో డాబుగా తిరగడం మొదలుపెట్టింది. ఆరోగ్యం కోసమని మొహం ముడుచుకొని జొన్నరొట్టె తినేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్ళకు ఎవరో చల్లారిన రొట్టె పెట్టి ఉంటారు.

అందరూ తిన్నారు. తట్టే మనిషి మాత్రం తినలేదు. ఇది ఏ ఇంట్లోనైనా మామూలే. జేజి అలిసిపోతే పీట అమ్మ చేతికి వస్తుంది, అమ్మ తినేటప్పటికి పొయ్యి ఆరిపోయి ఉంటుంది. ఇవాళ మనవడు అమ్మను భుజాలు పట్టి లేపాడు.

"నువ్వు కూచోమా. నేను చేస్తా. ఈసారి మరిగే నీళ్ళే."

వేళ్ళు కాలి అబ్బా అన్నాడు. చన్నీళ్ళలో ముంచాడు, మళ్ళీ దింపాడు. రెండు రొట్టెలు పాడైనాయి, మూడోది నిలిచింది. గుండ్రం మాట మరిచిపోండి, ఒక పక్క మందం, ఇంకో పక్క పలచన. నిప్పుల మీద సగమే పొంగింది. అయినా వేడివేడిది నేరుగా అమ్మ కంచంలో పడింది. "ఉప్పు వేయలేదురా" అంటూనే ఆమె మొత్తం తినేసింది. ఇంకోటి అడిగింది.

ఇక రేపటి భక్షాల పని. శనగపప్పు పలుకుగా ఉడికింది. వార్చిన కట్టు పక్కన పెట్టారు, అది రేపటి భక్షాల చారుకు. కనకు కలిపే బాధ్యత ఎవరూ చెప్పకుండానే మనవడికి పోయింది. ఇది మైదా, అతని సొంత రాజ్యం. కలిపి, బాదిబాది, నూనెలో నానబెట్టాడు. కాసేపాగి వేలితో పట్టి పైకి లేపితే జానెడు పొడవున పలచటి పొరలా సాగింది, తెగలేదు. జేజి వంగి చూసి, తానూ ఒకసారి లాగి చూసింది. ఏమీ అనలేదు. పూర్ణం ఉండలు మాత్రం ఎప్పటికంటే పెద్దవి కట్టింది. అంత పూర్ణాన్ని మోసే కనకు దొరికిందన్నమాట.

మిగిలిన జొన్నపిండి మీద ఇప్పుడతని కన్ను పడింది. సాగని పిండి రొట్టెకు కష్టమే గానీ, బిస్కెట్టుకు అదే వరం. బిస్కెట్టు గుల్లగా విరగాలంటే గ్లూటెన్ అడ్డమే. పిండిని దోరగా వేయించి, బెల్లం పొడి, నెయ్యి, గుప్పెడు నువ్వులు కలిపి చిన్న బిళ్ళలు ఒత్తాడు. ఓవెన్ ఎక్కడిది? పాత కుక్కరుకు గాస్కెట్టు, విజిలు తీసేశాడు. అడుగున వంక ఇసుక పరిచి, వేడెక్కాక చిన్న స్టాండు మీద బిళ్ళల పళ్ళెం పెట్టి మూశాడు. సన్నమంట మీద అరగంట. ఇంట్లో పిల్లలు పది నిమిషాలకే మూత తీయమని గొడవ. చిన్నాయన వాళ్ళను ఆపుతున్నట్టు నటిస్తూ తనే దగ్గరికి జరుగుతున్నాడు.

మూత తీశాడు. నువ్వుల కమ్మదనం, కాగిన నెయ్యి, బెల్లం అంచులు మాడీ మాడని వాసన.

"చల్లారనియ్యండి, వేడిమీద మెత్తగా ఉంటాయి" అని అరుస్తున్నా వినేవాళ్ళు లేరు. జేజి ఒకటి తుంచి నోట్లో వేసుకొంది. పళ్ళు లేని పక్కనుంచి పళ్ళున్న పక్కకు తిప్పింది.

"మీ బెంగుళూర్ల ఇది ఎంతకమ్ముతారు?"

చెప్పాడు. ఆమె దవడ ఆగిపోయింది. "ఆ దుడ్లకు బస్తా జొన్నలొచ్చేటివి కదరా మా కాలాన!"

"నాకు ఒక డబ్బా కట్టియ్యి. కోతల కాడ పనికొస్తాయి, చెడిపోవు" అంటోంది చిన్నమ్మ. మనవడు నెయ్యి గిన్నె వంచి చూశాడు. అడుగున రోంతే ఉంది, రేపు భక్షాలకు అదీ చాలదు.

"బుడ్డల నూనెతో చెయ్యి" అంది జేజి.

"వాసన వస్తుంది జేజీ."

"వచ్చేది బుడ్డల వాసనే గదా, కిరసనాయిలు వాసన కాదు గదా. పొయ్యి ఆర్పొద్దు, ఇంగో వాయి పెట్టు."