పౌండు పరువు ఎవరి కంచంలోంచి?



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, బ్రిటన్ యూరప్‌లోంచి బయటికి రావడం మంచిదా, చెడ్డదా? మనలాంటోళ్లు ఎటు నిలబడాలి?"

జవాబుకి ముందు ఒక మాట. నా చిన్నప్పుడు మా అమ్మ కమ్మలు తాకట్టు పెట్టడానికి వెళ్తే, షావుకారు అప్పుతో పాటు సలహా కూడా ఇచ్చాడు: "పిల్లోడి బడి మాన్పించు, వడ్డీ కట్టగలవు." అప్పిచ్చేవాడు మన ఇంట్లో ఖర్చులు కూడా తనే రాస్తాడు. దేశాల సంగతీ అంతే.

1925లో ఆర్థికమంత్రి చర్చిల్ పౌండుకి బంగారంతో పాత ధరకే మళ్లీ ముడి వేశాడు. పౌండు ఖరీదైంది. బ్రిటన్ బొగ్గు బయట అమ్ముడుపోలేదు. యజమానులు గని కార్మికుల కూలి కోశారు. 1926 సార్వత్రిక సమ్మె అందులోంచే వచ్చింది.

1931 మేలో వియన్నాలో క్రెడిటాన్‌స్టాల్ట్ బ్యాంకు కూలింది. మంట జర్మనీకి పాకింది. లండన్ బ్యాంకుల డబ్బు అక్కడ ఇరుక్కుపోయింది. లండన్ నుంచి బంగారం తరలిపోవడం మొదలైంది. అప్పుడు అధికారంలో ఉన్నది లేబర్ పార్టీ. అప్పు కోసం న్యూయార్క్ వైపు చూస్తే, ముందు ఖర్చు తగ్గించి నమ్మకం కలిగించమన్నారు. ఏ ఖర్చు? నిరుద్యోగులకిచ్చే భృతిలో 10 శాతం! మంత్రివర్గం రెండుగా చీలింది. ఆగస్టు 24న ప్రభుత్వం పడిపోయింది. ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ మాత్రం కన్జర్వేటివ్‌లతో కలిసి కుర్చీ నిలబెట్టుకుని, ఆ కోత కోశాడు. మరుసటి ఏడాది మనకి కమ్యూనల్ అవార్డు ప్రకటించింది ఈయనే.

జీతాల కోత మీద ఇన్వర్‌గోర్డన్‌లో నావికులు పనికి దిగమన్నారు. సెప్టెంబర్ 21న బంగారం ముడి తెగింది. ఆకాశం ఏమీ విరిగిపడలేదు. కానీ కోసిన భృతి మాత్రం వెంటనే తిరిగి రాలేదు.

ఆ నెలలో బాబాసాహెబ్ రెండో రౌండ్ టేబుల్ సమావేశం కోసం లండన్‌లోనే ఉన్నారు. రూపాయి సమస్య మీద 1923లోనే పుస్తకం రాసిన మనిషి ఆయన. రూపాయి విలువ పడితే ఎగుమతిదారుకి వచ్చే లాభం బయటినుంచి ఊడిపడేది కాదని, దేశంలోనే ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి పోయేదేనని అందులో చెప్పారు. డబ్బు చరిత్ర చదవడానికి నాకు దొరికిన తాళంచెవి అదే.

ఆ తాళంచెవితో 1992 తెరిచి చూడండి. యూరప్ దేశాలు తమ కరెన్సీల మారకం రేట్లను ఒకదానికొకటి కట్టేసుకున్న ఏర్పాటులో బ్రిటన్ 1990 అక్టోబర్‌లో చేరింది. పౌండుకి 2.95 మార్కులు. ఈసారి బంగారానికి బదులు జర్మన్ మార్కు, అంతే తేడా. రేటు నిలబెట్టడానికి వడ్డీలు ఎత్తులోనే ఉంచారు. 1991 ఒక్క ఏడాదిలోనే 75 వేలకు పైగా ఇళ్లను వాయిదాలు కట్టలేదని అప్పిచ్చినవాళ్లు స్వాధీనం చేసుకున్నారు. 1992 సెప్టెంబర్ 16న ఒక్క రోజులో వడ్డీ 10 నుంచి 12కి పెంచి, 15 కూడా ప్రకటించి, సాయంత్రానికి చేతులెత్తేశారు. పౌండు పడుతుందని పందెం కాసిన జార్జ్ సోరోస్ ఫండ్‌కి వంద కోట్ల డాలర్ల దాకా లాభం. ఖజానాకి 330 కోట్ల పౌండ్ల నష్టం.

2016లో పెద్ద బ్యాంకులు ఉండిపోదామన్నాయి. కొందరు హెడ్జ్ ఫండ్ యజమానులు బయటికి పోదామని డబ్బు పెట్టారు. రెండు వైపులా డబ్బున్నోళ్లే. బొగ్గు గనులు మూతపడిన బార్న్‌స్లీలో 68 శాతం బయటికే ఓటేశారు. వాళ్ల కోపం నిజం. ఆ కోపాన్ని వలస వచ్చినోళ్ల మీదికి తిప్పినోళ్లే మోసగాళ్లు.

తమ్ముడూ, లోపలా బయటా అన్నది రెండో ప్రశ్న. పౌండు పరువు నిలబెట్టే ఖర్చు ఎవరి కంచంలోంచి తీస్తున్నారన్నది మొదటి ప్రశ్న. 1931లో లేబర్ ప్రధాని దానికి తప్పు జవాబు చెప్పాడు. మా అమ్మ కమ్మలు వదులుకుంది గానీ, నా బడి మాన్పించలేదు.

మిగతాది వచ్చే భాగంలో. జైభీమ్.