బ్లాక్ సబ్బత్ (ఆల్బము)

బ్లాక్ సబ్బత్ అనునది అదే పేరు గల ఇంగ్లాండు వాద్యబృందము యొక్క మొదటి ఆల్బము. ఇది 1970 ఫిబ్రవరి 13, శుక్రవారము నాడు వర్టిగో రికార్డ్స్ ద్వారా బ్రిటనులో విడుదలైనది. హెవీ మెటల్ అను సంగీత శైలికి ఇదే మొట్టమొదటి పూర్తి ఆల్బమని అనేకమంది విమర్శకుల అభిప్రాయము. బర్మింగ్‌హామ్ నగరములోని కార్మికవాడకు చెందిన నలుగురు యువకులు దీనిని 1969 అక్టోబరు 16న లండనులోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఒకే రోజున, సుమారు 12 గంటలలో వాయించి ముగించినారు. విడుదలైనప్పుడు పత్రికలు దీనిని తీసిపారేసినవి. శ్రోతలు మాత్రము కొన్నారు.

బృందము

టోనీ అయోమి (గిటారు), ఓజీ ఆస్‌బోర్న్ (గాత్రము), గీజర్ బట్లర్ (బేస్ గిటారు), బిల్ వార్డ్ (డ్రమ్స్) - ఈ నలుగురూ 1948, 1949 సంవత్సరాలలో జన్మించినవారే. వీరు పెరిగిన ఆస్టన్ ప్రాంతము రెండవ ప్రపంచ యుద్ధములో జర్మనీ బాంబులకు గురైనది. వీరి బాల్యములో ఆ శిథిలాలు ఇంకా తొలగిపోలేదు. చదువు ముగిసిన పిల్లవానికి అక్కడ ఉన్న దారి కర్మాగారమే. ఆస్‌బోర్న్ పశువధశాలలోను, కారు హారన్లు తయారు చేసే కర్మాగారములోను పనిచేసినాడు. దొంగతనము కేసులో కొన్ని వారాలు జైలులో కూడా గడిపినాడు. బట్లర్ లెక్కలు వ్రాసే గుమాస్తా ఉద్యోగములో ఉండేవాడు.

1968లో ఏర్పడినప్పుడు బృందము పేరు పోల్కా టల్క్ బ్లూస్ బ్యాండ్. తరువాత ఎర్త్ అని మార్చుకొన్నారు. అదే పేరుతో మరొక బృందము ఉండుటచే చిక్కులు వచ్చి, 1969 ఆగస్టులో బ్లాక్ సబ్బత్ అను పేరు స్థిరపరచుకొన్నారు. ఇది ఇటలీ దర్శకుడు మారియో బావా 1963లో తీసిన భయానక చిత్రానికి ఆంగ్లములో పెట్టిన పేరు. వారు సాధన చేసే చోటికి ఎదురుగా ఉన్న సినిమాహాలు ముందు జనము బారులు తీరుట చూచి, భయపడుటకు డబ్బులిచ్చేవారు ఇంతమంది ఉన్నప్పుడు భయపెట్టే సంగీతము ఎందుకు చేయరాదని వారికి ఆలోచన వచ్చినదని చెబుతారు.

1968 చివరలో అయోమి కొద్ది వారాలపాటు జెత్రో టల్ అను పేరున్న బృందములో చేరి, తిరిగి వచ్చినాడు. అక్కడివారు ఉదయమే లేచి ఉద్యోగానికి వెళ్ళినట్లు సాధనకు కూర్చొనుట చూచినాడు. వెనుకకు వచ్చిన తరువాత తన మిత్రులను కూడా ఉదయము 9 గంటలకే సాధనకు లేపడము మొదలుపెట్టినాడు. మరుసటి సంవత్సరము స్టూడియోలో ఒక్క రోజు సరిపోవుటకు ఈ అలవాటు కూడా ఒక కారణము.

అయోమి వేళ్ళు

ఈ ఆల్బములోని గిటారు ధ్వనిని గురించి చెప్పవలెనంటే ఒక రేకుల కర్మాగారము నుండి మొదలుపెట్టక తప్పదు. అయోమికి 17 ఏళ్ళప్పుడు జర్మనీలో కచేరీలకు వెళ్ళే అవకాశము వచ్చి, ఉద్యోగము మానుకొన్నాడు. ఆ రోజే పనికి చివరి రోజు. మధ్యాహ్నము భోజనానికి ఇంటికి వచ్చి, ఇక వెళ్ళనని తల్లితో అన్నాడు. మొదలుపెట్టిన పని పూర్తి చేసి రమ్మని ఆమె పంపినది. ఆ పూట మరొకరు రాకపోవుటచే, తనకు అలవాటు లేని యంత్రము మీద అతనిని కూర్చోబెట్టినారు. యంత్రము కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొనలను తెగగొట్టినది. అతడు ఎడమచేతి వాటము గలవాడు. అనగా తంత్రులను నొక్కవలసినది ఆ కుడిచేతి వేళ్ళతోనే.

ఇక వాయించలేవని వైద్యులు చెప్పినారు. కర్మాగారములోని మేస్త్రీ ఒకడు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించినాడు. రైన్‌హార్ట్ అగ్నిప్రమాదములో చేయి కాలి, ముఖ్యముగా రెండు వేళ్ళతోనే సోలోలు వాయించిన జాజ్ విద్వాంసుడు. అది విన్న అయోమి గిన్నెలు కడిగే ద్రవపు ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేళ్ళకు తొడుగులు చేసికొన్నాడు. వాటిపై పాత తోలు కోటు నుండి కోసిన ముక్కలు అంటించినాడు. తొడుగులతో గట్టి తంత్రులను వంచుట కష్టము కనుక సన్నని తంత్రులు వాడినాడు. అటువంటి గిటారు తంత్రులు అప్పట్లో సులభముగా దొరకక బాంజో తంత్రులు కూడా ప్రయత్నించినాడు.

కొనలు లేని వేళ్ళతో ఐదారు స్వరాలున్న తీగమెట్లు పట్టుట సాధ్యము కాదు. అందుచే అతడు రెండు మూడు తంత్రులతో పట్టే పవర్ కార్డులను ఎక్కువగా ఆశ్రయించినాడు. పవర్ కార్డు అనగా మన పరిభాషలో షడ్జ పంచమములను కలిపి మీటుట. తంబురాలో వినిపించే జంట కూడా ఇదే. ఆంప్లిఫయరును దాని శక్తికి మించి పనిచేయించి ధ్వనిని చిట్లించినప్పుడు మూడు నాలుగు స్వరాల మేళవింపు గజిబిజిగా మారుతుంది గాని, షడ్జ పంచమములు మాత్రము మరింత బలముగా నిలుస్తాయి. మెటల్ సంగీతమునకు పునాది ఇదే.

తంత్రులను వదులు చేసి శ్రుతి దించుట వలన ఈ ఆల్బములో అంత మంద్రమైన ధ్వని వచ్చినదని తరచుగా వ్రాస్తుంటారు. ఇది సరికాదు. ఈ ఆల్బము సాధారణ శ్రుతిలోనే ఉన్నది. శ్రుతిని బాగా దించుట 1971లో వచ్చిన మూడవ ఆల్బము మాస్టర్ ఆఫ్ రియాలిటీలోని మాట.

రికార్డింగు

బృందము వ్యవహారాలు చూచుచున్న జిమ్ సింప్సన్ పలు కంపెనీల చుట్టూ తిరిగినను ఎవరూ ముందుకు రాలేదు. చివరకు రికార్డింగుకు సమకూడిన సొమ్ము సుమారు 600 పౌండ్లు. నిర్మాత రోజర్ బెయిన్. ఇంజనీర్లు టామ్ ఆలమ్, బ్యారీ షెఫీల్డ్. వీరిలో ఆలమ్ తరువాతి కాలములో జూడాస్ ప్రీస్ట్ ఆల్బములకు నిర్మాతగా పేరు పొందినాడు.

స్టూడియోలో ఉన్నది నాలుగు ట్రాకుల యంత్రము. నలుగురూ కచేరీలో వాయించినట్లే కలిసి వాయించినారు. ఆస్‌బోర్న్ పక్కనున్న చిన్న గదిలో నిలబడి అదే సమయములో పాడినాడు. చాలా పాటలను ఒకటి రెండు ప్రయత్నములలోనే ముగించినారు. తప్పు దొర్లిన చోట మళ్ళీ చేయుటకు సమయము లేదు. గిటారు సోలోలు కొన్ని చోట్ల రెండేసి పొరలుగా వినిపించును. ఆపై అతికించినది స్వల్పమే. మొదటి పాట ఆరంభములో వినబడే వాన, ఉరుము, చర్చి గంట మాత్రము తరువాత చేర్చబడినవి. బీటిల్స్ బృందము కూడా తమ మొదటి ఆల్బములోని అధిక భాగమును 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులోనే ముగించినది కనుక, ఒక్క రోజు రికార్డింగు అనునది అప్పటికి వింత కాదు. అయితే 1969 నాటికి పేరున్న బృందాలు స్టూడియోలలో వారాలు, నెలలు గడుపుచుండెడివి.

ఆ రోజు అయోమి తన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారుతో మొదలుపెట్టినాడు. వికెడ్ వరల్డ్ అను పాట తరువాత దాని పికప్ చెడిపోయినది. బాగుచేయించుటకు వ్యవధి లేక, అదనముగా తెచ్చుకొన్న గిబ్సన్ ఎస్.జి. గిటారుతో మిగిలిన పాటలు పూర్తి చేసినాడు. ఆ తరువాత అతని పేరు ఆ గిటారుతోనే ముడిపడిపోయినది.

రికార్డింగు ముగియగానే నలుగురూ కచేరీలకై ఐరోపాకు బయలుదేరినారు. పాటల మిశ్రమణము వారు లేకుండానే జరిగినది.

పాటలు

బ్రిటను ముద్రణలో ఏడు పాటలున్నవి: బ్లాక్ సబ్బత్, ద విజర్డ్, బిహైండ్ ద వాల్ ఆఫ్ స్లీప్, ఎన్.ఐ.బి., ఈవిల్ వుమన్, స్లీపింగ్ విలేజ్, వార్నింగ్. వీటిలో రెండు ఇతరులవి. ఈవిల్ వుమన్ అమెరికాకు చెందిన క్రో బృందానిది; పదినిముషాలు దాటిన వార్నింగ్ ఐన్స్‌లీ డన్‌బార్ బృందానిది. ద విజర్డ్ పాటకు టోల్కీన్ నవలలోని గాండాల్ఫ్ స్ఫూర్తి. ఇందులో ఆస్‌బోర్న్ హార్మోనికా కూడా వాయించినాడు. ఎన్.ఐ.బి. అను అక్షరాలకు లోకము గూఢార్థాలు కల్పించినది గాని, అది బిల్ వార్డ్ గడ్డము కలము పాళీ ఆకారములో ఉన్నదని మిత్రులు చేసిన పరిహాసము మాత్రమే. పాటలో సైతాను ఒక స్త్రీని ప్రేమించి మారిపోదలచుకొంటాడు. బేస్ గిటారు ఒంటరిగా మొదలుపెట్టే ఈ పాటలో బట్లర్ ప్రతిభ స్పష్టముగా కనబడును.

మొదటి పాట గురించి కొంత వివరముగా చెప్పుకోవలెను. బట్లర్ తన గదికి నల్లరంగు వేసికొని, మంత్రతంత్రాల పుస్తకాలు చదువుతున్న రోజులవి. ఒక రాత్రి మెలకువ వచ్చినప్పుడు మంచము కాళ్ళ వద్ద ఒక నల్లని ఆకారము నిలబడి ఉన్నట్లు తోచినదని అతడే పలుమార్లు చెప్పినాడు. పాటలోని ఇతివృత్తము ఇదే. బాణీకి మూలము మరొకటి: ఆంగ్ల స్వరకర్త హోల్‌స్ట్ రచించిన గ్రహాల వాద్యమాలికలో అంగారకునిపై ఉన్న భాగమును బట్లర్ వాయిస్తుండగా విని, అయోమి తన మూడు స్వరాల వరుసను కట్టినాడు. ఆ మూడు స్వరాలు షడ్జము, తారస్థాయి షడ్జము, ఆ రెండిటికీ నడుమనున్న ప్రతి మధ్యమము.

షడ్జమునకు, ప్రతి మధ్యమమునకు గల ఈ దూరమును పాశ్చాత్యులు ట్రైటోన్ అంటారు. 18వ శతాబ్దపు గ్రంథాలలో దీనికి దయ్యపు స్వరమను పేరు కనబడుతుంది. మధ్యయుగములో చర్చి దీనిని నిషేధించినదన్న కథకు మాత్రము ఆధారము లేదు. కర్ణాటక సంగీతములో 72 మేళకర్తలలో సరిగ్గా సగము, అనగా 37 నుండి 72 వరకు గలవి, ప్రతి మధ్యమ రాగాలే. కల్యాణి రాగము వాటిలో ఒకటి. పెళ్ళి పందిరిలో కల్యాణి విని ఎవరూ భయపడరు. కారణము సులభము: కల్యాణిలో ఆ మధ్యమము పంచమము వైపు సాగి విశ్రాంతి పొందుతుంది. అయోమి దానిని ఎటూ పోనీయక అక్కడే వణికిస్తూ నిలిపినాడు. భయము స్వరములో లేదు, దానిని వదిలివేసిన తీరులో ఉన్నది.

అట్టబొమ్మ

అట్టపై ఉన్నది థేమ్స్ నది ఒడ్డున ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని మేపుల్‌డర్హమ్ నీటిమర. ఎదుట నల్లని వస్త్రాలలో ఒక యువతి నిలబడి ఉండును. కీఫ్ అను పేరుతో ప్రసిద్ధుడైన కీత్ మెక్‌మిలన్ దీనిని పరారుణ ఫిల్ముపై తీసినాడు. ఆకుల రంగులు సహజముగా లేకపోవుటకు కారణము అదే. ఆ యువతి ఎవరన్నది దశాబ్దాలపాటు రహస్యముగా ఉండిపోయి, 2020లో ఆమె లూయీసా లివింగ్‌స్టన్ అని వెల్లడియైనది. లోపలి అట్టపై కంపెనీవారు తలక్రిందులైన శిలువను ముద్రించినారు. ఇది బృందమునకు తెలియకుండా జరిగినది. క్షుద్రపూజకులన్న అపవాదు అప్పటి నుండి వారిని వెంటాడినది. నిజానికి మొదటి పాట దయ్యమును ఆహ్వానించుట లేదు, దాని నుండి రక్షించమని దేవుని వేడుకొంటున్నది.

విడుదల, ఆదరణ

ముందుగా 1970 జనవరిలో ఈవిల్ వుమన్ విడిపాటగా ఫాంటానా ముద్రపై వచ్చి, అంతగా అమ్ముడుపోలేదు. ఆల్బము మాత్రము బ్రిటను పట్టికలో 8వ స్థానమునకు చేరినది. అమెరికాలో వార్నర్ బ్రదర్స్ దీనిని 1970 జూన్ 1న విడుదల చేసినది. అక్కడి ముద్రణలో ఈవిల్ వుమన్‌కు బదులు వికెడ్ వరల్డ్ చేర్చబడినది. బిల్‌బోర్డ్ పట్టికలో 23వ స్థానము వరకు వెళ్ళి, ఏడాదికి పైగా పట్టికలో కొనసాగినది. పది లక్షలకు మించి ప్రతులు అమ్ముడైనవి. రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ దీనిని క్రీమ్ బృందానికి నాసిరకపు అనుకరణగా తీర్మానించినాడు. రాబర్ట్ క్రిస్ట్‌గౌ కూడా దయ చూపలేదు. అదే రోలింగ్ స్టోన్ 2017లో వెలువరించిన 100 మెటల్ ఆల్బముల జాబితాలో దీనికి 5వ స్థానము ఇచ్చినది. మొదటి స్థానము కూడా ఇదే బృందము 1970 సెప్టెంబరులో విడుదల చేసిన పారనాయిడ్‌కు దక్కినది.

నలుగురు మూల సభ్యులు కలిసి చివరిసారిగా 2025 జూలై 5న, తాము పెరిగిన ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానములో వాయించినారు. 2005 తరువాత నలుగురూ ఒకే వేదికపై కనబడుట అదే. ఆస్‌బోర్న్ 2025 జూలై 22న మరణించినాడు.

తెలుగు ప్రాంతములో

ఈ శైలి హైదరాబాదుకు క్యాసెట్ల ద్వారా, పిదప అంతర్జాలము ద్వారా చేరినది. పెద్ద కచేరీలకు మాత్రము ఇక్కడి అభిమానులు బెంగుళూరుకు ప్రయాణము కట్టవలసి వచ్చేది. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా వాయించినది అక్కడే. తెలుగువారికి సుపరిచితమైన ఇంటిపేరు గల రవి భద్రిరాజు అమెరికాలో అరిజోనాకు చెందిన జాబ్ ఫర్ ఎ కౌబాయ్ బృందములో గిటారు వాద్యకారుడుగా 2007 నాటి జెనిసిస్ ఆల్బములో వాయించినాడు. హైదరాబాదులో పుట్టిన డెత్ మెటల్ బృందము గాడ్‌లెస్ 2016లో సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్, 2018లో స్వార్మ్ అను చిన్న ఆల్బములను, 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ అను పూర్తి ఆల్బమును వెలువరించినది.

అసలు చెవులు దద్దరిల్లే వాద్యము హైదరాబాదుకు కొత్త కాదు. పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దాటిన తరువాత వచ్చే బార్కస్, నిజాము సైన్యములో పనిచేసిన యెమెను దేశపు హద్రమౌత్ అరబ్బుల వారసులు నివసించే పేట; సైనికుల బ్యారక్సుల వలననే దానికి ఆ పేరు వచ్చినది. అక్కడి పెళ్ళి ఊరేగింపులలో వాయించే మర్ఫా డప్పుల మోతకు ఏ ఆంప్లిఫయరూ అక్కరలేదు. బర్మింగ్‌హామ్ మెటల్‌కు దీనితో ఎట్టి చారిత్రక సంబంధమూ లేదు. బిల్ వార్డ్ డ్రమ్స్ వినుచు పోలిక వెదకుకొను హైదరాబాదు శ్రోతకు మాత్రము మొదట గుర్తుకు వచ్చేది బహుశా అదే.