అంధులు కట్టిన కుంచెలు

బెల్లంపల్లి సీమలో బొగ్గుగని దిగిన కార్మికునకు చీకటి క్రొత్త గాదు. చేతిదీపము ఆరిన క్షణమున దారి చూపునది కన్ను గాదు. గోడను తడవు అరచేయి, పట్టాను తాకు పాదము. చాలని వెలుతురులో ఏండ్లతరబడి పని చేసినవారికి కనుగ్రుడ్లు నిలుకడదప్పి అదరెడి నిస్టాగ్మస్ అను జబ్బు కలుగునని ఇంగ్లండు గనులలో గుర్తించి, 1907లో దానిని పరిహారమునకు అర్హమైన వృత్తివ్యాధులలో జేర్చిరి. చూపు చెడినవానికి సొమ్మిచ్చుట యొక యెత్తు, మరల పని యిచ్చుట యొక యెత్తు. ఈ రెండవదాని చరిత్రలో మనము సున్నము వేయుటకును, సాలెవారు పడుగునకు గంజి పట్టించుటకును వాడు కుంచెకు పెద్ద చోటు గలదు.

1785లో వాలంతేన్ అవీ పారిసునగరమున అంధబాలురకు పాఠశాల నెలకొల్పెను. 1791లో లివర్పూలున మరియొకటి వెలసెను. దానికి మూలపురుషులలో నొకడైన ఎడ్వర్డు రష్టను బానిసలను మోయు ఓడలో నావికుడు. ఓడ అడుగున కంటిజబ్బుతో పడియున్న ఆఫ్రికా బందీలకు ఉపచారము చేయబోయి, ఆ జబ్బు తనకును సోకి చూపు గోల్పోయిన మహానుభావుడు. తరువాత బానిసవర్తకమును ఖండించుచు కవిత్వము వ్రాసెను. 1793లో ఎడింబరోలో అంధుల పనిశాల తెరచిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఇట్టి శాలలలో బుట్టలు, చాపలు, పరుపులు, కుంచెలు సామాన్యమైన పనులయ్యెను.

కుంచెనే యేల యెన్నుకొనిరి? అందు కంటికంటె వ్రేళ్లకే పని యెక్కువ. ముందే తొలిచిన చెక్కను ఒడిలో నుంచుకొని, రంధ్రమునకు సరిపడు పోచలను వ్రేళ్ల నడుమ పట్టవలెను. ఎక్కువైన దూరదు, తక్కువైన నిలువదు. ఆ కొలత చేతికే తెలియును. ఒక పద్ధతిలో పోచలకట్ట మొదలు కాగిన కీలులో ముంచి, దారముతో బిగించి, మరల ముంచి, మెలిత్రిప్పి రంధ్రమున నాటుదురు. మరియొక పద్ధతిలో పోచలను నడిమికి మడచి, తీగయుచ్చుతో వెనుకవైపునకు లాగి బిగించి, పైని పలుచని చెక్క నతికింతురు. కీలు మూకుడువద్ద చేయి కాలకుండ పని చేయుట చూపుగలవారికిని సులభము గాదు. మంచి కుంచె గుర్తు ఒక్కటే: పోచ పట్టి లాగిన ఊడరాదు.

ఈ వృత్తికి మన తీరమునకును సంబంధము గలదు. తాటిమట్ట మొదటి భాగమును దంచి తీసిన బిరుసునార కాకినాడ రేవునుండి విలాయతునకు ఎగుమతియై, అచ్చటి చీపురులకును గట్టికుంచెలకును పనికివచ్చెడిది. వర్తకులు దానిని కొకనాడ పేరుతోనే వ్యవహరించిరి. గోదావరి తాడితోపులలో మట్ట కొట్టిన కూలివాడు అది ఎవరి వ్రేళ్లలో పడునో ఎరుగడు!

ఆ పనిశాలలన్నియు ధర్మక్షేత్రములనుకొనరాదు. యంత్రములు కుంచెలు చేయ మొదలిడగా చేతికుంచె ధర పడెను. కూలి కడుపునకు చాలదయ్యెను. దాతల దయ జీతమునకు బదులుగా చెల్లుబడియయ్యెను. 1920 ఏప్రిలులో బ్రిటనులోని అంధకార్మికులు న్యూపోర్టు, మాంచెస్టరు, లీడ్సు పట్టణములనుండి లండనుకు కాలినడకన పోయి, దానము గాదు, న్యాయము కావలెనని ప్రధానిని అడిగిరి. న్యూపోర్టు వేల్సు బొగ్గుసీమకు రేవుపట్టణమన్నది గమనింపదగును. ఆ యేటనే అంధుల చట్టము వచ్చి, వారికి వృద్ధాప్య వేతనము 70 ఏండ్లకు బదులు 50 ఏండ్లకే లభించెను.

మన దేశమున తొలి అంధపాఠశాల 1887లో అమృతసరమున వెలసెను. యుద్ధమున చూపు గోల్పోయిన సిపాయీలకై 1943లో డెహ్రాడూనున శిక్షణాలయ మేర్పడెను. వయోజనాంధులకై 1950లో అచ్చటనే వేరొకటి కలిగెను. 1995 నాటి చట్టము ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకు నూటికి 3 వంతులు కేటాయింపగా, 2016 నాటిది 4 చేసినది. అందు 1 చూపులేనివారిది. ఇంటిలో మాత్రము అట్టి బిడ్డను పాటకో మూలగదికో అప్పగించు వాడుక మనయందు ఇంకను పూర్తిగా పోలేదు.

ఒక కుంచెశాల కథ చెప్పక ముగింపజాలను. ఒట్టో వైట్ అను జర్మనుడు తానును దాదాపు చూపు గోల్పోయి, బెర్లినులో కుంచెల పనిశాల పెట్టి, యూదులైన అంధులను, బధిరులను పనిలో నుంచెను. సైన్యమునకు కుంచెలు కావలెను గనుక ఆ పని యుద్ధావసరమని చూపి, 1942లో రహస్యపోలీసులు పట్టుకొనిపోయిన తన పనివారిని లంచమిచ్చి విడిపించుకొనివచ్చెను. అట్టి ఉపాయము చిరకాలము చెల్లలేదు. 1943లో పెక్కుమందిని కొనిపోయిరి. ఒక కుటుంబమును మాత్రము శాలలోనే కిటికీలేని గదిలో దాచి, వాకిటికి అడ్డముగా బట్టలబీరువా నుంచెను. వారును పిమ్మట పట్టుబడిరి. వైట్ 1947లో మరణించెను. రోజెంతాలర్ వీధి 39వ నంబరు ఇంటిలోని ఆ శాల నేడు ప్రదర్శనశాలగా నున్నది; కిటికీలేని ఆ గదిని ఇప్పటికిని చూడవచ్చును.